రిమార్కుల గడి

"నాలుగు ఇరవై," అన్నాడు బోటు నడిపే సరంగు, తడి తాడు మీద గుర్తు దగ్గర బొటనవేలు నొక్కిపట్టి.

సర్వేయరు తలెత్తలేదు. ఒళ్లో పరుచుకున్న పటం గాలికి ఎగరకుండా మోచేతులు ఆనించి అంకె రాసుకుంది. ఆ నిమిషాన పోటు నీళ్లు ఎంత ఎక్కాయో, పక్కనే ఆగి ఉన్న బురద తవ్వే డ్రెడ్జరు మీదివాళ్లు తమ యంత్రంలో చూసి అరిచి చెప్పారు. ఒకటీ పది. నాలుగు ఇరవైలోంచి అది తీసేస్తే మూడు మీటర్ల పది సెంటీలు. పటంలో అదే చోట ఆమె వేసిన అంకె రెండు డెబ్భై రెండు. మళ్లీ ముప్పై ఎనిమిది సెంటీల తేడా. పొద్దుట్నుంచి ఇది ఆరోసారి.

"ఇంకోసారి వెయ్యన్నా."

"వేస్తాను మేడం, నాదేం పోయింది. ఎన్నిసార్లు వేసినా అడుగున ఉన్నదే ఉంటుంది," అని సరంగు ఇనప గుండుని మళ్లీ నీళ్లలోకి వదిలాడు. తాడు అతని అరచేతుల్లోంచి సరసరా జారి ఆగింది. "అదే నాలుగు ఇరవై."

నది సముద్రంలో కలిసే చోటు అది. ఆటులో బయటపడి పోటులో మునిగిపోయే బురదమేటల మధ్య ఒక్క కాలవ, పడవలకి అదే దారి. ఏడాది కిందటి లోతులకీ ఇప్పటి లోతులకీ తేడా తీసి ఆమె రంగులేసిన పటం ఆ కాలవదే. బురద పేరుకున్న చోట ఎరుపు, కోసుకుపోయిన చోట నీలం. కాలవ పొడుగునా ఎరుపే ఉంది. ఆ ఎరుపు చూసే ఇంత పెద్ద డ్రెడ్జరుని పిలిపించారు. పిలిపించి రెండు రోజులైంది. తవ్వడానికి దించిన బొక్కెన ఖాళీగా పైకొస్తోంది.

డ్రెడ్జరు మేస్త్రీ రెయిలింగు మీద వాలి టీ తాగుతూ వీళ్లనే చూస్తున్నాడు. "మేడం, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మేం బురద తవ్వడానికొచ్చామా, నీళ్లు తవ్వడానికొచ్చామా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు వేడెక్కాయి.

కొట్టుకొచ్చిన బురద అంతా ఒకే మందాన పరుచుకోదు. ఒకచోట జానెడు వేస్తుంది, పక్కనే ఉన్నది కోసుకుపోతుంది. ఆఖరి వారంలో కొలిచిన ఈ ఆరుచోట్లా అచ్చంగా ముప్పై ఎనిమిదే రావడం ఆమెకి మింగుడుపడలేదు. పటంలో వేలు నడిపించి, పాత పడవల రేవు దగ్గర ఆపింది. అక్కడ నీళ్ల కింద ఒక కాంక్రీటు ర్యాంపు ఉంది. ఎప్పటిదో, ఎవరూ వాడరు. పటంలో దాని మీద కూడా ఎరుపే.

"అక్కడికి పోనివ్వన్నా."

సరంగు బోటు తిప్పాడు. గుండు వదిలాడు. ఈసారి అది మెత్తగా ఆగలేదు. ఠంగుమని తాకిన సంగతి తాడు పట్టుకున్న ఆమె చేతిక్కూడా తెలిసింది. లెక్క తీస్తే పోయినేడు ఎంత లోతో ఇప్పుడూ అంతే. దాని మీద బురద అన్నదే లేదు.

కాంక్రీటు పెరగదు కదా. కొలిచిన లోతులు తప్పు కాదు. ఆ లోతుల్లోంచి తీసేసిన నీటిమట్టం తప్పు. అంటే ఆ మట్టం చూపే గేజి తప్పు. మూడు నెలలపాటు పదిహేను నిమిషాలకోసారి గేజి మీద చదివిన ప్రతి అంకే తప్పు.

ఫోను మోగింది. ఇంజనీరు. "గురువారం హెడ్డాఫీసు నుంచి విచారణకొస్తున్నారమ్మా. డ్రెడ్జరు ఖాళీగా నిలబడ్డ సంగతి అక్కడిదాకా పోయింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో అప్పటికి నా బల్ల మీద ఉండాలి." గొంతులో కోపం లేదు. ఆయనకి కోపం రాదు, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు తెల్లవారేసరికి ఆటు. బురద బయటపడి ఉండేది మహా అయితే రెండు గంటలు. గట్టు మీద రాతిలో దించిన ఇత్తడి బొడిపె ఎత్తు ఎంతో అందరికీ తెలుసు, అది కదలదు. దాని దగ్గర్నుంచి లెవెల్ మిషన్‌తో గేజి దాకా ఎత్తు దించుకుంటూ వెళ్తే, గేజి ఉండాల్సిన చోట ఉందో లేదో తేలిపోతుంది. పని మొదలెట్టినప్పుడు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి ఇలా చూడాలని రూలు. ఈసారి డ్రెడ్జరు వచ్చేస్తోంది, తర్వాత చూసుకుందాంలెమ్మని ఇంజనీరే అన్నాడు. ఆమె ఎదురుచెప్పలేదు. మధ్యలో గేజి కదిలితే చెప్పాల్సింది గేజి రీడరు.

గేజి రీడరుకి యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. పదకొండేళ్లుగా రోజుకూలీ మీద, గట్టున రేకుల పాకలో కూర్చుని, నీళ్లలో నిలబెట్టిన అంకెల కర్రని చూస్తూ, పదిహేను నిమిషాలకోసారి అంకె రాయడమే ఆయన పని. ఆమె వచ్చేసరికే బురద మీద నడవడానికి చెక్క పలకలు వరసగా పరిచి, కొలత కర్ర భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పలక అంచు మీద కాలు పెట్టకండి మేడంగారూ, తిరగబడుతుంది," అన్నాడు.

పనిలో ఆయనకి వంక పెట్టేవాడు లేడు. కర్ర నిలబెట్టమంటే గాలిలో కూడా వెంట్రుకవాసి కదలకుండా నిలబెడతాడు. ఆమె మిషన్‌లోంచి చూసి చదివింది, రాసుకుంది, మిషన్ ఎత్తుకుని ముందుకి నడిచింది. మూడుసార్లు మిషన్ మార్చాల్సొచ్చింది. రెండోసారి మూడుకాళ్ల స్టాండు బురదలో దిగుతుంటే, ఆయన తన కింద పలక తీసి దాని కింద తోసి, తను మోకాలిదాకా దిగబడి నిలబడ్డాడు. అప్పటికే దూరంగా కాలవ మొగలో నీళ్లు మెరుస్తూ ఇటు తిరుగుతున్నాయి.

ఆఖరి అంకె చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పుస్తకంలో కూడింది, తీసింది. ముప్పై ఎనిమిది. గేజి అంత మేరా బురదలోకి కూరుకుపోయింది. కర్ర కిందికి దిగితే నీళ్లు పై అంకెని తాకుతాయి. పోటు ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది, కాలవ ఉన్నదానికన్నా మెరక కనపడుతుంది. లేని బురదకి ఆమె మూడు నెలలు రంగులేసింది.

"ముప్పై ఎనిమిది సెంటీలు దిగిపోయింది బాబాయ్. ఒకటీ రెండూ కాదు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? రోజంతా దీని ముందు కూర్చునేది మీరు. మీకు కనపడలేదా?"

"కనపడింది."

"మరి చెప్పాలి కదా."

"రాశానుగా మేడంగారూ."

ఆమెకి ఒళ్లు మండింది. "రాస్తే సరిపోతుందా? ఒక్క ఫోను కొట్టొచ్చుగా."

ఆయన కర్రకి అంటిన బురద వేళ్లతో తుడుస్తున్నాడు. "మొదటిసారి కొట్టాను. ఇంజను మోతలో ఏం వినపడటం లేదు, ఏదున్నా పుస్తకంలో రాయండి బాబాయ్ అన్నారు మీరు. అప్పట్నుంచి పుస్తకంలోనే రాశాను." గేజి అంకె చదివి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో ఆ గొంతు అలాగే ఉంది. నిష్ఠూరం లేదు. "పదండి, నీళ్లొచ్చేస్తున్నాయి."

నిజంగానే వచ్చేస్తున్నాయి. ఆమె ఎడమ బూటు బురదలో ఇరుక్కుపోయి కాలు మాత్రం పైకొచ్చింది. ఆయన వంగి, మోచేతిదాకా చెయ్యి దించి, బూటు లాగి ఇచ్చాడు.

ఆఫీసులో ఆమె బీరువాలో పై అరలో ఉంది నిండిపోయిన ఆ పుస్తకం. దాని తర్వాతిది ఇంకా బాబాయ్ దగ్గరే నడుస్తోంది. అట్ట ముడుచుకుపోయిన పొడుగాటి రిజిస్టరు. పేజీకి నాలుగు గడులు. తేదీ, టైము, అంకె, రిమార్కులు. ఆమె ఎప్పుడూ మూడో గడి మీద వేలు పెట్టి కిందికి లాక్కుంటూ కంప్యూటర్‌లోకి ఎక్కించేది. ఇవాళ నాలుగో గడి చదివింది.

'సర్వే బోటు గేజికి కట్టారు. నీళ్లు దిగాక బోటు బరువు తాడు మీద పడింది. గేజి ఒక వేలు దిగింది.'

రెండు పేజీల తర్వాత, 'పాత రేవు స్తంభం మేకుని నీళ్లు తాకినప్పుడు గేజి మీద నూటఎనభై ఉండాలి. నూటఎనభై నాలుగు చూపిస్తోంది. రెండు వేళ్లు.'

మరో వారానికి, 'బోటు మళ్లీ గేజికే కట్టారు. మూడు వేళ్లు.'

'గేజి దిగుతోంది. దయచేసి చూడగలరు. నాలుగు వేళ్లు.'

రాత గుండ్రంగా, ఒత్తి రాసినట్టు ఉంది. పుస్తకం చివరికొచ్చేసరికి ఆరు వేళ్లు. ప్రతి పేజీ కిందా, కుడి మూల, ఆమె సంతకం. ఒక్క పేజీ కూడా తప్పిపోలేదు.

తలుపు దగ్గర చెప్పులు విడుస్తూ సరంగు తొంగిచూశాడు. ఆమె పుస్తకం అతని వైపు తిప్పింది. అతను నిలబడే చదివి బుర్ర గోక్కున్నాడు.

"రేవు దాకా పోతే పావుగంట దండగని మనమే కట్టాం కదా మేడం," అన్నాడు. "భోజనాల టైములో. మీరే అన్నారు, ఒక్క గంటే కదా అని. అంటే నేను కూడా కాదనలేదులెండి." చెప్పులు మళ్లీ వేసుకుంటూ, "గేజికి బోటు కట్టకూడదని నాకు ఇరవయ్యేళ్ల నుంచి తెలుసు," అని, ఎవరో పిలిచినట్టు చల్లగా జారుకున్నాడు.

ఇంజనీరు గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. ఆయన అప్పటికే ఒక కాగితం రాసి పెట్టుకున్నాడు. ఆమె చెప్పింది విని, గేజి దిగిపోయిందన్న మాట దగ్గర తేలిగ్గా ఊపిరి వదిలి, ఆ కాగితాన్ని ఆమె ముందుకి తోశాడు. గేజి కదలికను గేజి రీడరు సకాలంలో తెలియజేయనందున జరిగిన పొరపాటు, అతన్ని పనిలోంచి తొలగించడమైనది. తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఆయన రాశాడు సార్. పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకంలో?"

"గేజి పుస్తకంలో. కింద నా సంతకం కూడా ఉంది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కాక ఆ పుస్తకాలు ఎవరిక్కావాలమ్మా? వాళ్లు అడగరు. అడగనిది నువ్వెందుకు చెప్పడం?" సొరుగు లాగి ఒక ఫైలు తీసి, తెరవకుండానే అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న ఆమె ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే ఫైలు అది. "వచ్చే వారం సంతకానికి పంపిస్తున్నాను. ఈ మరక పడితే ఇది ఈ జన్మలో కదలదు. అతనంటావా, ఇవాళ కాకపోతే రెండేళ్లకైనా ఇంటికి పోవాల్సినవాడే. నా కూతురైతే ఏం చెబుతానో అదే నీకూ చెబుతున్నాను."

ఆయన నిజంగానే మంచి మనసుతో అంటున్నాడు. బయటికొచ్చి, పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఎందుకు తీసుకుపోతోందో అప్పటికి ఆమెకే తెలీదు. దాచడానికో, చూపించడానికో.

ఇంట్లో భర్త వంటగది నేల మీద కూర్చుని ఎవరిదో ఫ్రిజ్ తలుపు రబ్బరు అతికిస్తున్నాడు. ఊళ్లోవాళ్ల ఫ్రిజ్‌లన్నీ బాగుచేసి ఇంట్లోదాన్ని మాత్రం తాడేసి కట్టి ఉంచిన మనిషి. చేతులు తుడుచుకుని పుస్తకం తిరగేశాడు.

"వేళ్లతో కొలిచాడా? మీ ఆఫీసులో లక్షలు పోసి కొన్న యంత్రాలున్నాయన్నావు."

"నవ్వకండి. ఆ యంత్రాలకంటే ఆయన వేళ్లే నయం."

అత్తగారు పక్కగదిలోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రి వార్డులో నర్సుగా ముప్పయ్యేళ్లు చేసి ఇంటికొచ్చిన మనిషి. సంగతంతా విని, "సంతకం పెట్టేముందు చదివే తీరిక ఎవరికుంటుందమ్మాయ్? నేనూ చదవలేదు ముప్పయ్యేళ్లు," అంది. ఓదార్పుగానే అంది. ఆ ముప్పయ్యేళ్లలో ఏమేం జరిగి ఉంటాయోనని కోడలికి ఒళ్లు జలదరించింది.

"నన్నడిగితే చెప్పడం ఎందుకంటాను," అన్నాడు భర్త. ఆమె మొహం చూసి మాట మార్చాడు. "సరే, చెప్పకుండా ఉండలేవు, నాకు తెలుసు. చెప్పేదైతే అంతే చెప్పు. పనుల ఒత్తిడిలో చదవకుండా సంతకం పెట్టాను అని. దానికెవరూ ఉరి తీయరు. పుస్తకం చూపించు, ఆయన ఉద్యోగం నిలబడుతుంది. నీకొక మందలింపు పడుతుంది. అంతేగా."

అంతేగా. ఆ మాట ఆమెకి పట్టుకోవడానికి ఊతకర్రలా దొరికింది. చదవకపోవడం తప్పే, కాదనడం లేదు. కానీ అది పనిలో మునిగినవాళ్లందరూ చేసే తప్పు. ఆ పూట అన్నం సహించింది.

బుధవారమంతా ఆమె పటం మళ్లీ వేసింది. గేజి ఏ వారానికి ఎంత దిగి ఉంటుందో లెక్కకట్టి, ఆ మేరకు ప్రతి అంకెనీ దించుకుంటూ పోయింది. సాయంత్రానికి కాలవలోంచి ఎరుపు దాదాపుగా పోయింది. తెరమీద నీలం, అక్కడక్కడా లేత ఎరుపు, ర్యాంపు మీద ఏ రంగూ లేదు. నిజమైన బురద ఇలాగే ఉంటుంది, అతుకుల బొంతలా. కిటికీలోంచి చూస్తే గేజి రీడరు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో రమ్మన్నారట, పొద్దుట్నుంచీ లోపలికి పిలవలేదట. ఆమె వెళ్లి పలకరిద్దామనుకుంది. ఏం చెప్పాలి? రేపు చెప్పబోయేది ఇవాళే చెప్పేస్తే, తనేదో ఉపకారం చేస్తున్నట్టు ఉంటుంది. అలా అనుకుని వెళ్లలేదు. అసలు సంగతి ఆయన మొహం చూడ్డానికి భయమేసింది.

గురువారం పదకొండింటికి విచారణ మొదలైంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి బక్కపల్చటి మనిషి. చెప్పిందల్లా తనే సొంతచేత్తో రాసుకుంటున్నాడు. ఇంజనీరుకీ ఆమెకీ కుర్చీలు వేశారు. గేజి రీడరు తలుపు పక్కన నిలబడ్డాడు. చంకలో గుడ్డసంచి ఉంది. ఎవరూ కూర్చోమనలేదు, ఆయనా కుర్చీ కోసం చూడలేదు.

ఇంజనీరు తన కాగితం చదివాడు. రీడరు తెలియజేయలేదు అన్న వాక్యం పూర్తికాకముందే ఆమె లేచింది. ఒళ్లో ఉన్న రిజిస్టరు చేతిలోకి తీసుకుంది.

"ఆయన తెలియజేశారు సార్. ఇదిగో. గేజికి మా బోటు కట్టమని చెప్పింది నేను. దానివల్లే గేజి దిగింది. అది దిగినప్పుడల్లా ఆయన ఇందులో రాశారు. నేను రిమార్కులు చదవకుండా ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను."

ఇంజనీరు కళ్లు మూసుకున్నాడు. అధికారి పుస్తకం తీసుకుని, పేజీ పేజీ తిప్పి, చాలాసేపు చదివాడు. తర్వాత ఆమె వైపు చూసిన చూపులో మెచ్చుకోలు ఉంది.

"మీ అంతట మీరు తెచ్చి చూపించారు. ఇరవయ్యేళ్లుగా విచారణలు చేస్తున్నాను, ఇలా చేసినవాళ్లు నాకు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. కూర్చోండి." ఆమె కూర్చుంది. భుజాల మీంచి ఏదో దిగిపోయింది. సిగ్గుగా కూడా అనిపించింది, కానీ తేలిగ్గా ఉందన్నది అబద్ధం కాదు.

అధికారి ఆఖరి పేజీ మీద పెన్ను ఆనించాడు. "ఇందులో ఆరు వేళ్ల దాకా ఉంది. పది, పన్నెండు సెంటీలు అనుకుందాం. దిగింది ముప్పై ఎనిమిది. మిగతాది ఎక్కడ రాశావు?"

ప్రశ్న గేజి రీడరుకి. "తర్వాతి పుస్తకంలో రిమార్కులు లేవు సార్," అన్నాడాయన.

"ఎందుకు లేవు?"

ఆయన ఆమె కేసి చూశాడు. ఆమె కూడా ఆయన కేసి చూసింది, నిజంగా ఎందుకు లేవో తెలుసుకుందామని.

"రాయలేదు సార్."

"అదే, ఎందుకు రాయలేదని అడుగుతున్నాను. అప్పటిదాకా రాసినవాడివి, గేజి అసలు దిగిపోతున్నప్పుడు మానేశావు. విసుగొచ్చిందా? ఒంట్లో బాగాలేదా?"

గేజి రీడరు సంచిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. అధికారి మూడోసారి అడిగాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అధికారి పెదవి విరిచి రాయడం మొదలెట్టాడు. సర్వేయరు గేజికి బోటు కట్టించి, పుస్తకం చదవకుండా సంతకాలు పెట్టినందుకు లిఖితపూర్వకంగా మందలింపు, స్వయంగా ముందుకొచ్చినందువల్ల అంతకుమించి చర్య అక్కర్లేదు. గేజి రీడరు బాధ్యత తెలిసి కూడా సగంలో వదిలేశాడు, తనే ఒప్పుకున్నాడు, కాబట్టి తొలగింపు సబబే. రేపట్నుంచి రానక్కర్లేదు. టైము ఒంటిగంట కావస్తోంది, భోజనం తర్వాత సంతకాలు.

ఇంజనీరు ఆమె వైపు వంగి, "పోనీలే, నీ ఫైలుకేం కాదు," అన్నాడు మెల్లగా.

ఆమె వరండాలోకి పరిగెత్తినట్టే వచ్చింది. గేజి రీడరు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

"బాబాయ్, ఆగండి. అంత స్పష్టంగా రాస్తూ రాస్తూ ఎందుకు మానేశారు? అడిగినప్పుడు ఒక్క మాట చెప్పినా సరిపోయేది కదా. ఆయన వినేవాడే."

ఆయన రెండు మెట్లు కింద నిలబడి తలెత్తి చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు.

"నిజంగానే అడుగుతున్నారా మేడంగారూ?"

"మరి?"

సంచిలోంచి రెండో రిజిస్టరు తీశాడు. వెతుక్కోలేదు, ఆ పేజీ ఎక్కడో వేళ్లకి తెలుసు. తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

నాలుగో గడిలో ఆ గుండ్రటి రాత ఉంది. 'బోటు కట్టారు. ఏడు వేళ్లు. గేజి బాగా కదులుతోంది.' అక్షరాలు గడిలో పట్టక అంకెల గడిలోకి ఒరిగాయి. దాని మీద అడ్డంగా ఎర్రసిరాతో ఒక గీత ఉంది. గీత పక్కన, అదే సిరాతో, ఆమె చేతిరాత. 'అనవసరమైన విషయాలు రాయవద్దు. అంకెలు చాలు.' కింద సంతకం. ఆ పేజీ తర్వాత నాలుగో గడి ఖాళీ. పేజీలు పేజీలు తెల్లగా ఖాళీ.

ఒక్కసారిగా ఆ రోజంతా గుర్తొచ్చింది. అంకెల గడిలోకి ఒరిగిన 'ఏడు' అనే మాటని, ఆ రోజు తన బదులు టైపు చేసిన అమ్మాయి అంకెగా ఎక్కించేసింది. కంప్యూటర్ ఫైలు మొత్తం తిప్పికొట్టింది. ఏడు ఎక్కడుందా అని రోజంతా వెతికి, దొరికాక పళ్లు కొరికి, ఎర్రపెన్ను తీసింది. అంటే చదివింది. ప్రతి అక్షరం చదివింది. చదివి కొట్టేసింది. ఆ కోపంలో కంప్యూటర్ తిప్పికొట్టిన ఏడే కనపడింది, గేజి కదలడం కనపడలేదు. తర్వాత మర్చిపోయింది. మర్చిపోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"మీకు గుర్తుందనుకున్నాను," అన్నాడు గేజి రీడరు. "అక్కడ మీరు లేచి మాట్లాడుతున్నంతసేపూ, ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని చూస్తూ నిలబడ్డాను. చదవలేదు అనేసరికి ఇంక నాకేం అనాలో తెలీలేదు. ఆడపిల్ల అంతమంది ముందు ఒక అబద్ధం ఆడుతోందంటే ఏదో కష్టం ఉండే ఉంటుంది, పోనీలెమ్మనుకున్నాను."

"నేను అబద్ధం ఆడలేదు బాబాయ్." ఆ మాట ఆమెకే చెల్లని మాటలా వినపడింది.

"అలాగేలెండి," అన్నాడాయన, నమ్మీ నమ్మనట్టు. "పుస్తకం మీరే ఉంచుకోండి. నా దగ్గరుంటే ఎవరైనా అడుగుతారు." ఇంకో మెట్టు దిగాడు.

"మీరు వెళ్లకండి," అంది. "ఒక్క పది నిమిషాలు. ఇక్కడే ఉండండి."

మందలింపుతో పోయేది కాదిది, ఆమెకి తెలుసు. చదవకుండా సంతకం పెట్టడాన్ని ఎవరైనా క్షమిస్తారు. చెప్పినవాడి నోరు మూయించి, ఆ తర్వాత నోరెత్తలేదని వాడి కూడు తీయడాన్ని ఏ ఫైలూ క్షమించదు. క్షమించకూడదు కూడా. భర్త మొహం, ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న కాగితం, ఇంజనీరు అరచెయ్యి ఒక్కసారే కళ్లముందు ఆడాయి. వరండా చివర కిటికీ ఉంది. దాని అవతల కాలవ. ఈ పుస్తకాన్ని అందులోకి విసిరితే అడిగేవాడు లేడన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టి, పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత వెనక్కి నడిచింది.

గదిలో అధికారి క్యారేజీ మూత తీస్తున్నాడు. ఇంజనీరు ఆయనకి గ్లాసులో నీళ్లు పోస్తున్నాడు. ఆమెని చూసి ఇద్దరూ ఆగారు.

"భోంచేసి రండి, సంతకాలు రెండింటికి," అన్నాడు అధికారి.

"అందాకా ఆగలేను సార్."

"అమ్మా," అన్నాడు ఇంజనీరు హెచ్చరికగా. ఆమె ఆయన వైపు చూడలేదు. క్యారేజీ గిన్నెని పక్కకి జరిపి, రిజిస్టరు ఆ పేజీ దగ్గర తెరిచి, అధికారి ముందు పెట్టింది. ఎర్రసిరా మీద వేలు పెట్టింది.

"ఆయన ఎందుకు మానేశాడని మూడుసార్లు అడిగారు కదా సార్. ఇదీ జవాబు. ఈ చేతిరాత నాది. ఇందాక చదవలేదని చెప్పాను. చదివాను. చదివి, ఇంక రాయొద్దని రాశాను. మీ కాగితంలో ముందు ఆయన సగంలో వదిలేశాడన్న వాక్యం కొట్టేయండి."

అధికారి ఎర్రగీతనీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇందాకటి మెచ్చుకోలు ఆ కళ్లలోంచి పోవడం ఆమె నిలబడి చూసింది. ఆయన క్యారేజీ మూత పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసుకున్నాడు.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు.

ఆమె చెప్పడం మొదలెట్టింది.